పతకం మీద పేరు

నాన్న పోయిన పదకొండేళ్లకు నౌకాదళం వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. శిక్షణ పాఠశాలలో కొత్తగా కట్టిన హాలుకు ఆయన పేరు పెడతారట. కుటుంబ చరిత్ర నాలుగు పేజీల్లో రాసి పంపమన్నారు. నాన్న మామూలు నావికుడిగా చేరి అధికారి అయ్యాడు. యుద్ధంలో, మునిగిపోతున్న ఓడ అడుగు నుంచి తొమ్మిదిమందిని పైకి లాక్కొచ్చినందుకు పతకం ఇచ్చారు. మాకు తెలిసింది అంతే. ఇంట్లో ఆయన ఆ ఊసే ఎత్తేవాడు కాదు.

రాసే పని నా నెత్తిన పడింది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. తేదీ కనిపిస్తే ఇంకో తేదీతో సరిచూడందే చెయ్యి ఊరుకోదు. నాన్న సర్వీసు పుస్తకం, మేనత్త పింఛను కార్డు పక్కపక్కన పెట్టాను. వాటి ప్రకారం నాన్న ఆమెకంటే రెండేళ్లు పెద్ద. కానీ బతికినన్నాళ్లూ ఆయన ఆమెను "అక్కయ్యా" అనే పిలిచాడు.

అన్నయ్యకు ఫోన్ చేశాను.

"ఎవడో గుమాస్తా తప్పు రాసుంటాడు. నువ్వు తవ్వకు," అన్నాడు.

"అక్కని చెల్లెల్ని చేసేంత తప్పా?"

"నీకు మనుషుల్లో కూడా అచ్చుతప్పులే కనిపిస్తాయే!"

అత్తయ్య ఒక లాండ్రీ పైన ఒంటిగదిలో ఉంటుంది. ఇస్త్రీ ఆవిరి మెట్లదాకా వస్తుంది. తేదీల సంగతి ఎత్తగానే మొహం మాడ్చుకుంది.

"పోయినవాడి వయసుతో నీకేం పనే?"

"తప్పు అచ్చయితే బాగుండదు కదా, అత్తయ్యా."

"అంటే, మీ నాన్నని దొంగంటావా?"

నేను ఆ మాట అనలేదు. మరి ఆమె నోట ఎందుకొచ్చింది? మెట్లు దిగుతుంటే అనుమానం ముల్లులా గుచ్చుకుంది. పతకం ఇంకొకరిదా? ఎవరి కాగితాలతోనో వచ్చి మా ఇంట్లో చేరాడా? అసలు ఆమెకు తమ్ముడేనా? ఇంటికొచ్చి, గోడమీది ఫోటోలోని చెవుల్నీ, అద్దంలో నా చెవుల్నీ పోల్చి చూసుకున్నాను. సిగ్గేసింది కానీ చూడటం మానలేదు.

మర్నాడు సెలవు పెట్టి జననమరణాల ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా రిజిస్టర్లు బల్లమీద పడేసి టీ తాగడానికి పోయాడు. పతకం మీదున్న పేరు దొరికింది. తల్లి మా నాన్నమ్మే, తేదీ సర్వీసు పుస్తకంలోదే. హమ్మయ్య అనుకున్నాను. ఎందుకైనా మంచిదని మరణాల రిజిస్టరు కూడా తిరగేశాను. అక్కడా అదే పేరు, అదే తల్లి. తొమ్మిదేళ్ల బాలుడు, జ్వరం. మళ్లీ జననాలు వెతికాను. ఆ పిల్లాడి తర్వాత రెండేళ్లకు అత్తయ్య, మరో రెండేళ్లకు ఇంకో మగపిల్లాడు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

నకళ్లు ముందు పెడితే అత్తయ్య చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంది.

"ఆ చిన్నాడే మీ నాన్న. పదిహేనేళ్లకే ఓడెక్కుతానని నా ప్రాణం తీశాడు. వాళ్లేమో పద్దెనిమిది నిండాలన్నారు. పోయిన పెద్దన్నయ్య పుట్టినతేదీ కాగితం అమ్మ పెట్టెలో ఉంటే నేనే తీసిచ్చాను."

"నాన్నమ్మకు తెలుసా?"

"ఓడ నుంచి ఉత్తరం వచ్చాక తెలిసింది. తిట్టలేదు. 'పెద్దాడు పోయాడని ఎవరితోనూ చెప్పుకోకుండా చేశావు కదే' అంది. చెప్పుకుంటే చిన్నాడు పట్టుబడతాడు మరి. పతకం తెచ్చి చూపిస్తే, ఆ పేరుమీద వేలు పెట్టుకుని కూచుంది. ఆ తర్వాత మీ నాన్నని ఏ పేరుతోనూ పిలవలేదు. 'ఒరేయ్' అనేది, అంతే."

"రాసెయ్యనా, అత్తయ్యా?"

"రాయి. మోసి మోసి అలిసిపోయాను."

అంతా రాసి పంపాను. పరువు తీశావని అన్నయ్య నాతో మాటలు మానేశాడు. రెండు నెలలు బిక్కుబిక్కుమంటూ గడిపాక జవాబొచ్చింది. హాలు మీద రికార్డులో ఉన్న పేరే ఉంటుంది, నా నాలుగు పేజీలూ మార్చకుండా లైబ్రరీలో పెడతారు.

హాలు తెరిచిన రోజు అన్నయ్య ముందు వరసలో కూచున్నాడు, మావైపు తిరగలేదు. అత్తయ్య, నేను వెనక కూచున్నాం. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆమె ఆ తొమ్మిదేళ్ల పిల్లాడి గురించి మొదలుపెట్టింది. కాస్త నత్తి ఉండేదట. కుక్కలంటే హడలట. ఆమె వంతు రొట్టె కూడా తినేసి, మూతి తుడుచుకుని, 'నేను కాదు' అనేవాడట. ఇల్లొచ్చి కారు ఆగినా ఆమె దిగలేదు, చెబుతూనే ఉంది.