ఆర్డర్ల కోసం ఇచ్చిన నంబరు

"ఊళ్లో పిల్లలందరికీ పాఠాలు చెప్తావు. ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని కనిపెట్టుకోలేకపోయావు" అంది మా అత్తగారు సుబ్బరత్నం, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. పొయ్యి మీద పాలు పొంగడానికి వస్తున్నాయి. బస్సుకు వేళవుతోంది. లోపలి గదిలో మా అమ్మాయి జ్యోతిర్మయి ఇంకా గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

ముందురోజు సాయంత్రం అది వంటింట్లోకి వచ్చి తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ముక్కూ మొహం తెలియనివాడు ఎవడో దాని ఫోటోను వికారంగా మార్చి దానికే పంపాడు. పిలిచినప్పుడల్లా వీడియో కాల్‌లోకి రాకపోతే బంధువులందరికీ పంపుతానని బెదిరించాడు. వాడి మెసేజులు మొదటినుంచీ చదువుతుండగానే మా ఆయన దుర్గాశంకర్ వచ్చి ఫోన్ లాక్కున్నారు. "ఎవడితో మాట్లాడావే? ఏం ఫోటోలు పెట్టావే?" అని అరిచి, ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు.

తర్వాత జ్యోతి తల నిమురుతూ, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పిన్ని ఉంటే చెప్పేదాన్ని" అంది.

ఉషశ్రీ నా చెల్లెలు. ఈ వేసవిలో పోయింది. ఇంతకంటే రాయలేను. చెల్లెలు లేని లోటు నాకొక్కదానికే అనుకుంటూ వచ్చాను. వంట చేస్తూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఆ బాధను ఎవరికీ అడ్డం రాకుండా సర్దిపెట్టుకున్నాను. పదో తరగతి చదివే నా కూతురు భయం వేసినప్పుడు మాట చెప్పుకునే మనిషి కూడా ఉషశ్రీయే అని నాకు తెలియదు. నేను పక్క గదిలోనే ఉండి కూడా దానికి దొరకలేదు.

మా బడి కొండపల్లిలో. ఆ రోజే తల్లిదండ్రుల సమావేశం. పిల్లల్ని ఫోన్లలో ఎలా కాపాడుకోవాలో చెప్పే పని వారం ముందే నాకు అప్పగించారు. "లేడీ టీచర్ చెప్తే తల్లులు వింటారండీ" అన్నారు హెడ్మాస్టరు సంజీవరావు గారు. మరి తండ్రులకు ఎవరు చెప్తారని నేను అడగలేదు.

చెప్పాల్సినవి చెప్పాను. భయపడి వచ్చిన పిల్లల్ని తిట్టకండి. బెదిరించేవాడు అడిగింది ఇవ్వకండి, వాడితో వాదనకు దిగకండి. మెసేజులు చెరిపేయకండి, సాక్ష్యం అవే. వాటిని దాచి, నంబరు బ్లాక్ చేసి, సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేయండి. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

మార్త అనే తల్లి లేచి నిలబడింది. "ఫోన్ లాక్కుంటే సరిపోద్ది అంటాడు మా ఆయన. లాక్కుంటే మావోడు ఆయన ఫోనే తీసుకుపోతాడండీ!" అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక ఆమె మళ్లీ అడిగింది. "నిజం చెప్పండి మేడం, లాక్కుంటే ఇంకోసారి మనకి చెప్తారా?"

"చెప్పరు" అన్నాను.

"మరి మీ ఇంట్లో ఎట్టా చేస్తారండీ?"

ఏదో చెప్పి ముగించాను. ఏం చెప్పానో గుర్తులేదు.

తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. కడ్డీ పట్టుకుని నిలబడి, నా ఫోన్‌లో మా దుకాణం పేజీ తెరిచాను. బెజవాడలో మాది మంగళగిరి చీరల దుకాణం. పేజీ తెరవగానే మొట్టమొదట కనిపించేది రెండేళ్ల నాటి జ్యోతి ఓణీల ఫంక్షన్ వీడియో. పదమూడేళ్ల పిల్ల, చామంతిపూల తెర ముందు నిలబడి, కెమెరా అతను చెప్పినట్టల్లా తల తిప్పుతూ నవ్వుతోంది. నిన్న వాడు పంపిన ఫోటోలో ఉన్నది ఆ నవ్వే, ఆ పాపిడిబిళ్లే, వెనక ఆ చామంతులే. వీడియో కింద మా ఆయన రాయించిన మాటలు: 'మా అమ్మాయి కట్టింది మా నేతే. ఆర్డర్ల కోసం ఈ నంబరు.' ఆ నంబరు జ్యోతిది.

ఆడపిల్ల వీడియో అందరికీ ఎందుకండీ అని ఆ రోజే అన్నాను. "నీకన్నీ అనుమానాలే. పిల్ల మహాలక్ష్మిలా ఉంది, నలుగురూ చూడకపోతే ఫంక్షన్ దేనికి?" అన్నారు ఆయన. "చదువుకున్నోళ్లకి ముచ్చట్లేం తెలుసులే" అంది అత్తగారు. నంబరు గురించి అడిగితే, "అది ఇంట్లోనే ఉంటదిగా, ఖాళీగా. జవాబులిస్తది" అన్నారు. అప్పటినుంచీ బడి నుంచి రాగానే అది తెలియని మనుషులకు రంగులూ రేట్లూ పంపుతూనే ఉంది. జీతం లేని గుమస్తా. నిన్నటివాడు కూడా ముందు కొనేవాడిలాగే వచ్చాడు. 'ఓణీ సెట్టు రేటెంత?' అన్నది వాడి మొదటి మెసేజు. ఎవడితో మాట్లాడావని ఆయన అరిచారు. మాట్లాడటమే మేం దానికి అప్పజెప్పిన పని.

ఇంటికి వెళ్లేసరికి ఆయన ఫోన్‌ను బీరువాలోంచి తీసి పట్టుకుని ఉన్నారు.

"ఇదిగో, వాడు పంపినయ్యన్నీ చెరిపేసి దానికిచ్చెయ్. ఇన్‌స్టా తీసెయ్యమను. వాట్సాప్ ఉండనీ. శ్రావణమాసం గిరాకీ, పొద్దుట్నుంచీ ఆర్డర్లు ఆగిపోయినయ్."

"పోలీసులకి చెబుదామండీ."

"పిచ్చా నీకు? పరువు పోద్ది. ఇంటర్ సంగతి కూడా ఆలోచిద్దాం. కాలేజీ ఎందుకు, ప్రైవేటుగా కట్టుకోవచ్చు."

"ఆ వీడియో ఉన్నది మన పేజీలోనే కదండీ" అన్నాను.

"అది వేరు. అది ఫంక్షన్."

గుమ్మంలో జ్యోతి నిలబడి వింటోంది. అత్తగారు దాన్ని లోపలికి పొమ్మంది. అది కదల్లేదు.

ఫోన్ తీసుకున్నాను. ఏదీ చెరపలేదు. "చెప్పులేసుకో" అన్నాను జ్యోతితో. ఆయన ఏదో అంటూనే ఉన్నారు. నిలబడి వింటే ఆగిపోతానని మెట్లు దిగేశాను.

సైబర్ పోలీస్ స్టేషన్‌లో రాజ్యశ్రీ అనే మహిళా ఎస్సై మా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. జరిగింది నేను చెప్పబోతుంటే, "పాపని చెప్పనివ్వండి" అంది. జ్యోతి మొదట తడబడింది, తర్వాత వరసగా చెప్పింది. ఎస్సై ఫోన్ తీసుకుని మెసేజులన్నీ చూసింది.

"చెరపకుండా మంచి పని చేశారు. మరి ఈ ఫోటో, నంబరు బయటికెట్టా వచ్చినయ్ పాపా? నువ్వు పెట్టావా?"

జ్యోతి తల దించుకుంది. చేయని తప్పుకు కూడా తల దించుకోవడం దానికి అప్పుడే అలవాటైపోయింది.

"దాని తప్పేమీ లేదండీ" అన్నాను. అంతటితో ఆగితే చాలదనిపించింది. "అమ్మకాల కోసం దుకాణం పేజీలో పెట్టారు. పెట్టింది వాళ్ల నాన్న."

రాజ్యశ్రీ పెన్ను ఆపింది. "ఇంట్లో గొడవవుద్దేమో, ఆలోచించుకోండి మేడం. ఆయన పేరు రాయమంటారా?"

జ్యోతి తలెత్తి నా వైపు చూసింది.

"రాయండి" అన్నాను. "ఇంటిపేరుతో సహా."