ఆడమనిషి ఒకరు ఉండాలి

ఆఫీసులో అందరూ ఆమెను కోరం అంటారు. ఎదురుగా కాదు లెండి, మర్యాదస్తులు కదా, వెనకాల. అంత పెద్ద కంపెనీలో ఒక నియమం ఉంది. ఏ ఉద్యోగం ఖాళీ అయినా, ఎవరినైనా తీసుకునే ముందు కనీసం ఒక ఆడమనిషిని ఇంటర్వ్యూ చేసి తీరాలి. ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో కూడా ఒక ఆడమనిషి ఉండి తీరాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. లిఫ్టు పక్క గోడ మీద నవ్వుతున్న ఆడవాళ్ళ ఫొటోలు కూడా పెట్టారు. తీరా ఆ అంతస్తులో సీనియర్ ఇంజనీరు అనిపించుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. అందుకని ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా చెయ్యి పట్టి లాక్కుపోయినట్టు ఆమెనే లాక్కుపోయేవారు, కోరం నిండాలి కదా.

బండ్లకు దారి చూపించే సాఫ్ట్‌వేర్ ఆమె పని. పొద్దున ఆ పని ముందేసుకుని కూర్చుంటే చాలు, ఎవడో ఒకడు తలుపు దగ్గర నిలబడి “మేడమ్, ఒక్క ముప్పావు గంట” అనేవాడు. అలా రోజులో సగం ఇంటర్వ్యూ గదులకే పోయేది. ఏడాది చివర ఆమె పనితనం గురించి పైవాళ్ళు ఏం రాశారనుకున్నారు? ‘అందరికీ సహకరిస్తుంది, సొంత పని తక్కువ’ అని రాశారు. ఒళ్ళు మండదూ మరి?

అక్కడితో ఆగినా బాగుండేది. క్యాంటీన్‌లో ట్రే పట్టుకుని వరసలో నిలబడితే వెనక నుంచి మాటలు చెవిన పడేవి. “మా తమ్ముడికి రాలేదురా. లేడీస్ కావాలంట.” “ఈ కాలంలో ఆడపుట్టుక పుట్టాలి, ఉద్యోగం ఇంటికొచ్చి తలుపు కొడుతుంది.” ఆమె వెనక్కి తిరగ్గానే ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ట్రేల్లోకి చూసేవారు. ఆమె ఊరుకునే రకం కాదు. “తలుపు దాకా రానిస్తున్నారు, అంతే. లోపలికి వచ్చేది వాళ్ళ తెలివితోనే” అని మొహం మీదే అనేసేది. ఆ మాట ఆమె మనసారా నమ్మింది. అన్నేళ్ళు ఆ కుర్చీలో ఓపిగ్గా కూర్చున్నది కూడా ఆ నమ్మకంతోనే.

ఒకరోజు పక్క టీమ్ మేనేజరు ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచడు, ఎవరినీ ఒక మాట అనడు. అందరూ పెద్దమనిషి అంటారు. “డేటాబేస్ పనికి ఒక పోస్టు ఉందండి. లేడీస్ ఎవరూ దొరకట్లేదు. మీ ఎరుకలో ఎవరన్నా ఉన్నారా?” అన్నాడు.

ఆమెకు వెంటనే వదిన గుర్తొచ్చింది. సొంత అన్న భార్య. ఒకప్పుడు డేటాబేస్ పనిలో ఆవిడ పేరు చెప్పుకునేవారు. కవల పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసింది. మళ్ళీ చేరదామనుకునేసరికి ఏడేళ్ళు గడిచాయి, ‘ఈ గ్యాప్ ఏంటమ్మా’ అని అడిగి పంపించేసేవాళ్ళే తప్ప పని గురించి అడిగినవాడు లేడు. మా వదిన ఉంది, కానీ మధ్యలో ఖాళీ ఉంది అని ఆమె చెప్పగానే పెద్దమనిషి మొహం వెలిగిపోయింది. “మీ వదినగారా? అంతకన్నానా. తొందరగా పంపించండి.”

ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్ళింది. వదిన వంటింట్లో పిల్లల బూట్లు తుడుస్తోంది.

“నా బుర్ర తుప్పు పట్టిపోయింది. నన్నొదిలెయ్యి” అంది వదిన.

“తుప్పు గోకితే పోతుంది. నేను చెప్తున్నానుగా.”

“ఏమ్మా ఆడపడుచూ, నా మీద ఎప్పటి కక్ష ఇది?”

అన్న నవ్వి, “వెళ్ళవే. నువ్వు ఇంట్లో ఉంటే డబ్బాలన్నీ అక్షర క్రమంలో పెట్టేస్తున్నావు, నాకు పంచదార దొరకడం లేదు” అన్నాడు. వదిన నవ్వింది కానీ చేతిలో బూటు కింద పెట్టలేదు. “నిజంగా చూస్తారా? ఊరికే పిలిచి పంపించెయ్యరు కదా?” అని మెల్లిగా అడిగింది.

“నా మాట నమ్ము వదినా” అంది ఆమె.

నమ్మింది. ఆ రోజు నుంచి వదిన పట్టిన పట్టు చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. కుక్కరు ముందు పుస్తకం, బస్సులో పుస్తకం, పిల్లల హోంవర్కు పక్కన పుస్తకం. ‘కొత్తగా వచ్చింది ఇదేనా, అప్పుడు మేం చేత్తో చేసేవాళ్ళం’ అంటూ ఆమెతో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడేది. గొంతులో మునుపటి ఊపు వచ్చేసింది. పిల్లలు కూడా, అమ్మ ఆఫీసుకు వెళ్తే తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలని కొట్టుకు చచ్చేవారు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. చుట్టం కాబట్టి వదిన గదిలో ఆమె కూర్చోకూడదు. వదినకు మరో అంతస్తు నుంచి ఒకామెను తెచ్చారు. అదే పోస్టుకు వచ్చిన ఒకతన్ని అడగడానికి, నడవాకు ఇవతలి గదిలో ఈమెను కూర్చోబెట్టారు. పక్కన పెద్దమనిషి టీమ్ వాళ్ళు ఇద్దరు.

వచ్చినవాడు కొత్తల్లుడిలా వాలుగా కూర్చున్నాడు. ఒకే వివరాన్ని ఇద్దరు ఒకేసారి మారిస్తే ఎవరి మార్పు నిలబెడతారని ఆమె అడిగింది. అతను నీళ్ళు నమిలాడు. పక్కనున్నవాడు “అంటే మీ ఉద్దేశం ఇదే కదండీ” అని జవాబు తనే చెప్పేసి, తనే తల ఊపాడు. ఇదేం చోద్యం అనుకుంది ఆమె. మీరేమైనా అడగాలా అనేసరికి కొత్తల్లుడు చనువుగా ముందుకు వంగాడు.

“సార్ నాకు కిటికీ పక్క సీటు అన్నారు. అక్కడ ఏసీ మరీ చల్లగా ఉంటుందా మేడమ్?”

ఆమెకు ముందు అర్థం కాలేదు. “ఏ సీటు?”

“నాకిచ్చే సీటు. పాత ఆఫీసులో కేకు కోసి నన్ను పంపించేశారు కూడా. ఇవాళ ఇది ఊరికే లాంఛనమే అన్నారు సార్. మీరు కొత్తా?”

పక్కనున్న ఇద్దరూ పైకప్పు వంక చూశారు. ఆమె పెన్నుకు మూత పెట్టేసింది. అతని మీద కోపం రాలేదు, పాపం అతనికి చెప్పిందే అతను నమ్మాడు. కానీ వాడు అక్కడితో ఆగాడా? లేస్తూ లేస్తూ, “మగాళ్ళకి రావడం ఈ రోజుల్లో మహా కష్టం మేడమ్, అంతా లేడీసే కదా. నా అదృష్టం” అని పోయాడు.

నడవాకు అవతల అద్దాల గదిలో వదిన బోర్డు నిండా రాస్తోంది. జుట్టు ముడి ఊడి మెడ మీద పడింది, అది కూడా చూసుకోవడం లేదు. ఏదో చెప్తూ చెప్తూ నవ్వింది. అది చూసేసరికి ఆమెకు తను చేసిన పనేంటో తెలిసొచ్చింది. పెళ్ళి కుదిరిపోయినవాడికి చూపించడానికి తన ఇంటి పిల్లను తనే ముస్తాబు చేసి తీసుకొచ్చింది.

తిన్నగా పెద్దమనిషి గదికి వెళ్ళింది. “పోస్టు ముందే ఇచ్చేశారా?”

అతను తడుముకోలేదు. “మాటిచ్చాను. నాతో పాత కంపెనీలో చేశాడు. అయితే రూలు రూలే కదండీ. లేడీని చూడకుండా ఆర్డరు పాస్ కాదు.”

“అందుకని మా వదినని పిలిచారు.”

“చూశాం కదా. న్యాయంగానే చూశాం. నిజం చెప్పాలంటే ఇతనికన్నా ఆవిడే బాగా చేశారట.”

“మరి ఆవిడకే ఇవ్వండి.”

“మీ వదినగారు కదా. రేపు చుట్టరికం అంటారు, మీకే మాట వస్తుంది. మీ మంచికే చెప్తున్నాను.”

ఛీ. వదిన అని తెలిసే కదా ఆ రోజు మొహం అంత వెలిగింది. ఆమెకు ఒళ్ళంతా పురుగులు పాకినట్టుంది. “అతని గురించి నేను నా అభిప్రాయం రాయను. ఏం చేసుకుంటారో చేసుకోండి” అంది.

“రాయకపోయినా ఇబ్బంది లేదండి” అన్నాడు పెద్దమనిషి అదే మెత్తని గొంతుతో. “మీరు గదిలో ఉన్నారు, అది చాలు. అన్నట్టు, కింద టీమ్‌లో కూడా ఇలాంటి పోస్టే ఉంది. వాళ్ళకీ లేడీ కావాలి. మీ వదినగారి పేరు చెప్పాను.”

“అక్కడైనా ఖాళీ నిజమేనా?”

“అక్కడా మనిషి ఉన్నాడులెండి. ఆవిడ ఇంటర్వ్యూ చక్కగా ఇస్తారు, ఎవరికీ అనుమానం రాదు.”

ఇంకో క్షణం అక్కడే ఉంటే ఏదో ఒకటి ఎత్తి విసిరేదే. బయటికి వచ్చి మొహం కడుక్కుంది, ఎంత కడుక్కున్నా జిడ్డు వదలనట్టే అనిపించింది.

వదిన ఆఫీసు ఎదుటి బస్టాపులో నిలబడి ఉంది. దూరం నుంచే చెయ్యి ఊపింది. “అన్నీ చెప్పేశానే. ఒక దగ్గర వాళ్ళదే తప్పని చూపించాను, ఒప్పుకున్నారు కూడా. ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను, పిల్లలు ఒకటే గోల. ఇదిగో చూడు, కింద టీమ్ వాళ్ళు కూడా రేపు రమ్మని మెసేజ్ పంపించారు. ఒకటి పోతే ఇంకోటి.”

చెప్పకుండా ఉండొచ్చు. రేపు కూడా వదిన అంతే సంతోషంగా జుట్టు ముడేసుకుని బయల్దేరుతుంది. ఆమె ఆగలేదు. చెప్పేసింది. కిటికీ పక్క సీటు, కేకు, మాటివ్వడం, రేపటి పోస్టు, ఏదీ దాచలేదు.

వదిన ఏడవలేదు. ఫోను సంచిలో పడేసి జిప్పు లాగింది. “బాగా చేశానన్నారా?”

“అతనికన్నా బాగా చేశావట.”

“కూరలో కరివేపాకునన్నమాట” అంది వదిన. మళ్ళీ తనే అడిగింది. “నువ్వు ఆ గదుల్లో కూర్చోబట్టి ఎన్నేళ్ళయింది?”

“చాలా ఏళ్ళయింది.”

“నాలాంటివాళ్ళు చాలామంది వచ్చి ఉంటారు.”

వచ్చారు. పాలు తాగే బిడ్డను కింద సోఫాలో తల్లి ఒళ్ళో పడుకోబెట్టి వచ్చినామె ఉంది. వేరే ఊరి నుంచి బస్సు దిగి, టాయిలెట్లో బట్టలు మార్చుకుని వచ్చినామె ఉంది. బోర్డు మీద రాసింది చెరిపి మళ్ళీ మొదటి నుంచి రాసినామె ఉంది. అందరికీ మంచినీళ్ళ సీసా ఇచ్చింది తనే. బాగా చేశారండీ, కబురు పెడతాం అని నవ్వుతూ చెప్పిందీ తనే.

“వాళ్ళకి ఏమైందో ఎప్పుడైనా కనుక్కున్నావా?” అంది వదిన.

“లేదు.”

బస్సు వచ్చింది. వదిన ఎక్కి, మెట్టు మీదే ఆగి వెనక్కి తిరిగింది. “నేను నీ వదినని కాబట్టి నాకు చెప్పావు” అంది. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయింది ఆమె. ఎక్కబోతూ చూస్తే బస్సులో పక్కపక్కనే రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. వదిన ఒకదాంట్లో కూర్చుని, సంచి తీసి పక్క సీట్లో పెట్టుకుంది.