డోరిస్ ఇంటి బోరు

మునగాకు కషాయంలో ఇనుప లవణం కలిపితే నల్లటి పొడి అడుక్కి దిగుతుంది. కంటికి ఆనని ఆ రేణువులు నీళ్ళలోని ఆర్సెనిక్ విషాన్ని పట్టుకుంటాయి. అమెరికాలోని క్యారీ అనే ఊళ్ళో పద్మనాభం పెట్టిన చిన్న కంపెనీలో రాగిణి మూడేళ్ళు ఈ పని మీదే ఉంది. 2012 వేసవిలో, ఊరికి దూరంగా పొలాల మధ్య ఉండే డోరిస్ అనే ముసలావిడ ఇంట్లో, ఆ పొడి నింపిన ఫిల్టర్‌ను బోరు పైపుకి బిగించింది. పరీక్ష చేస్తే విషం జాడ లేదు. డోరిస్ గ్లాసెడు నీళ్ళు తాగి, నిండు గర్భిణి అయిన కూతురు వెండీకి ఇంకో గ్లాసు ఇచ్చింది.

మరుసటి వసంతానికి కంపెనీ దారి మారింది. అదే పొడిని కాల్చి బ్యాటరీల్లో వాడితే కరెంటు ఎక్కువ నిలవ ఉంటుందని తేలింది. ఇన్వెస్టర్లు వచ్చారు.

"వాటర్ ప్రాజెక్ట్ క్లోజ్ చేస్తున్నాం రాగిణీ. ఆ ఫిల్టర్ తీసుకొచ్చేయ్," అన్నాడు పద్మనాభం.

"అది పని చేస్తోంది కదండీ."

"చేస్తోందమ్మా. కొనేదెవరు? బోరు నీళ్ళు తాగేవాళ్ళు కొనలేరు."

"పొడి నేనే వీకెండ్స్‌లో చేసి ఇస్తాను."

"ప్రాసెస్ కంపెనీది. నీ హెచ్‌వన్ వీసా కూడా కంపెనీదే. చూసుకో మరి." అతని గొంతులో కోపమేమీ లేదు.

ఫిల్టర్‌ను అక్కడే వదిలేద్దామా అనుకుంది రాగిణి. కానీ పొడి మార్చకపోతే కొన్నాళ్ళకి విషం ఆగదు, నీళ్ళలోకే వచ్చేస్తుంది. వాళ్ళేమో నమ్మి తాగుతూనే ఉంటారు.

వెళ్ళింది. డోరిస్ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"పాడైందా?"

"లేదు. కంపెనీ ఈ పని ఆపేసింది. షాపుల్లో వేరే రకం ఫిల్టర్లు దొరుకుతాయి, అవి..."

"అవి మాకు అందేవే అయితే నిన్ను ఇంట్లోకి రానిచ్చేదాన్నా?"

రాగిణి వంగి పైపు మరలు విప్పింది. వంటింట్లో వెండీ చంటిదానికి పాలపొడి కలుపుతోంది.

"ఈ పాలు పట్టచ్చా?" అని సీసా చూపించింది.

"అవి ఫిల్టర్ ఉండగా తీసిన నీళ్ళే, పట్టచ్చు. ఇక మీదట కుళాయి నీళ్ళు వద్దు."

వెండీ ఒక్క క్షణం ఆమెను చూసి, సీసా సింక్‌లో ఒంపేసింది.

ఆ ఏడాది చివర బ్యాటరీ పేటెంట్ దరఖాస్తులో రాగిణి పేరే మొదట వేశారు. పద్మనాభం ఆఫీసులో కేక్ కోయించాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె ఒక ముక్క తిని, థాంక్స్ చెప్పి, మధ్యాహ్నం మీటింగ్‌కి వెళ్ళింది.