ముందు చక్రం మీద తాళంచెవి

ఆ ఆదివారం ఉదయం ఆకాశం కొండ దిగి ఫర్ చెట్ల నడుముల దాకా వచ్చి కూర్చుంది. పెద్ద వాన కాదు. తెరిపి ఇవ్వని వాన. వాళ్లు బస చేసిన ఇల్లులాంటి బండి, ఆర్వీ, పక్కన చాపిన గుడ్డ పందిరి రాత్రి నీళ్లన్నీ మోస్తూ పాలావు పొదుగులా కిందికి వేలాడింది.

“లోర్నా, పందిరి కుంగుతోంది, చూడు,” అన్నాడు డ్వేన్, పరుపు మీదినుంచే.

లోర్నా చీపురు తిరగేసి, కర్రతో పందిరిని కిందినుంచి ఎత్తింది. నీళ్లు సగం నేల మీద పడ్డాయి, సగం ఆమె చొక్కా చేతిలోంచి చంకలోకి పోయాయి. లోపలికొచ్చి పెనం మీది బేకన్ మాంసం ముక్కలు తిరగేసింది. పొయ్యి మీద కట్టిన తాడుకు రెండు జతల సాక్సులు ఆరుతున్నాయి. ఒకటి మొగుడు డ్వేన్‌ది, ఒకటి మరిది కర్టిస్‌ది. ఆమె సాక్సులకు బురద అంటుకునే పని ఇంకా పడలేదు.

కొండపైకి పికప్ బండిలో సైకిళ్లు వేసుకుపోయి, అడవి దారిన కిందికి దూసుకురావడం వాళ్ల సరదా. ఎవరో ఒకరు బండిని రోడ్డు మీదుగా కిందికి తేవాలి. వంతులు వేసుకోవడం అక్కడి సైకిలువాళ్ల మర్యాద. ఈ ఇంట్లో ఆ వంతు లోర్నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఆమెకే గుర్తు లేదు. కూతురు పుట్టినప్పుడు కొన్నాళ్లే అనుకుంది. ఆ కూతురికిప్పుడు ఉద్యోగం కూడా వచ్చింది.

“నిన్న చెప్పావు, ఇవాళ చివరి దఫా నాదని,” అంది పళ్లెం అతని ముందు పెడుతూ.

“నీదే. ఎవరు కాదన్నారు?”

మూలన పేక పరుచుకు కూర్చున్న అత్తగారు ఆర్లీన్ తల ఎత్తలేదు. “మా ఆయన వేటకి పోతే నేను గుడారంలో చలికి వణుకుతూ గిన్నెలు తోమేదాన్ని. నీకు పొయ్యుంది, పరుపుంది, తలుపేసుకునే మరుగుదొడ్డుంది. ఇంకేం కావాలమ్మాయ్?”

మగవాళ్లు కాఫీ తాగుతుండగా లోర్నా బయటికెళ్లి తన ఆకుపచ్చ సైకిలు కూడా పికప్‌లోకి ఎక్కించింది.

రెండు దఫాలు వాళ్లను పైన దింపింది, రెండు దఫాలు కింద వంతెన దగ్గర కాసుకు కూర్చుంది. అద్దాలకు ఆవిరి పట్టింది. తుడిచింది. మళ్లీ పట్టింది. రేడియో పెట్టి తీసేసింది. కూర్చున్నచోటే కుడి మోకాలు పైకీ కిందికీ ఆడుతోంది. చేత్తో నొక్కి పెడితే ఎడమది మొదలెట్టింది. వెనకున్న ఆకుపచ్చ సైకిలు కలప మిల్లు ఆఫీసులో మొదటి జీతాలు కూడబెట్టి కొన్నది. డ్వేన్ ఆమెను మొదట చూసింది కూడా ఈ కొండ మీదే, వెనకనుంచి. “దీని వెంటపడి అందుకోలేక చచ్చాను,” అని ఇప్పటికీ పదిమందిలో చెప్పుకుని మురుస్తాడు. అందుకున్నాక ఆమె ఎక్కడ ఆగిందో ఆ పదిమందిలో ఎవరూ అడగరు. బయల్దేరేటప్పుడు ప్రతిసారీ “నీ సైకిలూ కట్టాను,” అంటాడు, అదేదో కానుక అయినట్టు. ఆ సైకిలు అంత దూరమూ వచ్చి, పొడిగానే ఇంటికి పోతుంది. ఇంటి ముందు గొట్టం పట్టుకుని తనది కడుక్కుంటూ “నీకు కడిగే పని కూడా లేదు, అదృష్టవంతురాలివి,” అంటాడు. అతను మంచివాడు కాదని ఎవరూ అనరు. ఆమె కూడా అనదు. అనడానికి ఏమీ లేకపోవడమే ఆమెను ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

మూడోసారి, చివరి దఫాకి, పైకెక్కేసరికి వాన జోరందుకుంది. కర్టిస్ తన సైకిలు దింపుకుంటూ, “చెట్ల వేళ్లన్నీ సబ్బు రాసినట్టున్నాయి లోర్నా. పడ్డావంటే మోకాలి చిప్ప పోద్ది,” అన్నాడు.

“వచ్చే నెల వద్దాంలే,” అన్నాడు డ్వేన్ టోపీ పట్టీ బిగించుకుంటూ. “అప్పుడు పక్కన నేనుంటా. నువ్వు కింద కాఫీ వేడిగా ఉంచు.”

ఆమె జవాబు కోసం అతను ఆగలేదు. ఇద్దరూ చెట్లలోకి దిగిపోయారు. కాసేపు కర్టిస్ కేకలు వినిపించాయి. తర్వాత వాన ఒక్కటే.

లోర్నా స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పింది. ఇంజను మోగింది. మోకాలు ఆడుతూనే ఉంది. ఇంజను ఆపింది. దిగి, బండి తలుపులు వేసి, తాళంచెవిని ముందు చక్రం మీద పెట్టింది. తర్వాత బండి తీసేవాడికోసం అక్కడ అందరూ పెట్టేచోటే. సైకిలు దింపుకుంది.

మొదటి మలుపులో చేతులు బిగుసుకుపోయాయి. రెండోదానికి ఒళ్లు తనంతట తానే వెనక్కి జరిగింది. తడి వేరు మీద బ్రేకు వేయకూడదని ఎవరూ గుర్తు చేయకుండానే చేతివేళ్లు వదిలేశాయి. ఒకచోట పడింది. నాచులో మోచెయ్యి ఆనించి పడుకుని, నోట్లోకొచ్చిన మట్టి ఉమ్మి, చెట్ల కొసలు చూసింది. గుండె కొట్టుకుంటోంది. దాని చప్పుడు విని చాలా కాలమైంది. లేచి, హాండిల్ సరిచేసుకుని, దిగింది.

వంతెన దగ్గర ఇద్దరూ చలికి నిలవలేక కాళ్లాడిస్తున్నారు.

“బండేదీ?” అన్నాడు డ్వేన్, ఆమెనూ సైకిలునూ మార్చి మార్చి చూస్తూ.

“పైనుంది.”

“తాళం?”

“ముందు చక్రం మీద.”

కర్టిస్ నవ్వబోయి మానుకున్నాడు. “ఇప్పుడు పైకెవరు తొక్కుతారు?”

“వంతెవరిదో మీరే చూసుకోండి,” అంది లోర్నా. “నావన్నీ అయిపోయాయి.”

ఏటి పక్క రోడ్డున ఒక్కతే బసకు తొక్కుకుంటూ వచ్చింది. ఆర్లీన్ తలుపు తీసి, నెత్తినుంచి పాదాల దాకా చూసింది.

“పడ్డావా?”

“ఒకసారి.”

“వాళ్లేరీ?”

“బండికోసం పోయారమ్మా.”

ఆర్లీన్ పేక సర్దేసి, సొరుగులన్నీ వెతికి, బీన్స్ డబ్బాలు తనే తెరిచి పొయ్యి మీద పెట్టింది. కలుపుతూ, వెనక్కి తిరగకుండానే అంది: “వేటకి వస్తావా అని ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ అడగలేదనుకో.”

మగవాళ్లు వచ్చేసరికి చీకటి పడబోతోంది. పందిరి కింద బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. బీన్స్, మొక్కజొన్న రొట్టె. డ్వేన్ పెదవులు నీలంగా ఉన్నాయి. కర్టిస్ గిన్నెలోంచి కళ్లెత్తలేదు. లోర్నా చొక్కా మీది బురద ఆరి, రొట్టె తుంచినప్పుడల్లా బల్ల మీద రాలింది.

నెత్తిన పందిరి మెల్లగా నిండింది. గుడ్డ కిర్రుమని కిందికి జారింది. నలుగురూ పైకి చూశారు. తర్వాత డ్వేన్ లోర్నా వైపు చూశాడు. చీపురు అతని చేతికందే దూరంలోనే ఉంది.

లోర్నా గరిటె అందుకుని ఇంకొంచెం బీన్స్ వడ్డించుకుంది. తనకే.