ఖాళీగా వెళ్లిన గాలి హద్దులు

నేను ఒక ఫోల్డర్ని. చేతికి తగలను, తూకానికి రాను. నాలో ఉన్నవల్లా గాలి హద్దులు. ఏ రేవులో ఎంత గాలి వీస్తే చిన్న తెప్పలు సముద్రంలోకి దిగకూడదో, ఆ వివరం. విశాఖలో ఒక చిన్న కంపెనీలో పనిచేసే మేరుగు దమయంతి నన్ను తయారు చేసింది. ఆమె మేనమామ ఎర్రాజీ చేపల వేటకెళ్లే మనిషి. ఆయన పక్కన చేరి, “మావయ్యా, గాలి ఎంతుంటే బయం?” అని తవ్వి తవ్వి అడిగి నన్ను నింపింది. ఎంత మురిసిపోయానో అప్పుడు!

నా అవసరం రెండు మూడు యాప్‌లకు ఉందని నాకు విడిగా గిట్ రిపాజిటరీ, అంటే ఫైళ్లు దాచే కొట్టు, పెట్టారు. గాలి చూసి చేపల వేటకి వెళ్లవచ్చో లేదో చెప్పే వేటగాళ్ల యాప్ ఉండే పెద్ద రిపాజిటరీలో నాదొక గది. కానీ అక్కడ ఉండేది నా పేరూ, చిరునామా మాత్రమే. ‘లోపలిదాన్ని కూడా తీసుకురా’ అని ప్రత్యేకంగా చెబితేనే నేను వస్తాను. చెప్పకపోతే నా పేరుతో ఖాళీ ఫోల్డర్ వస్తుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

యాప్‌కి కావలసినవన్నీ ఒక్క మూటగా కట్టి సర్వర్‌కి పంపుతారు. ఆ మూటని కంటైనర్ ఇమేజ్ అంటారు. ఇన్నాళ్లూ దమయంతి తన లాప్‌టాప్‌లోనే కట్టేది. అక్కడ నేను నిండుగా ఉండేదాన్ని కాబట్టి నా గురించి ఎవరికీ చెప్పే పని పడలేదు. ఒకరోజు ఆ మూట కట్టే పనిని కంపెనీ సర్వర్‌కి అప్పగించింది. ‘లోపలిదాన్ని కూడా తీసుకురా’ అన్న ఆ ఒక్క మాట దానికి చెప్పడం మరిచిపోయింది. మూట సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష కూడా తనే రాసింది. అది ‘ఫోల్డర్ ఉందా?’ అని అడిగింది. ఉంది. ఇంకేం, పచ్చ టిక్కు పడింది, అందరూ టీకి లేచారు. పచ్చరంగు కనబడితే చాలు, మనుషులు ఇక మూత తీసి చూడరు.

హద్దే లేనప్పుడు గాలి దేన్ని దాటుతుంది? మర్నాడు గాలి హద్దు మీరి వీస్తున్నా ఎర్రాజీ ఫోన్‌లో యాప్ నుంచి ‘వెళ్లవచ్చు’ అని వచ్చింది. దాన్ని నమ్మి తెప్ప దింపితే, ఏరు సముద్రంలో కలిసే చోట అల ఎత్తి కొట్టింది. తెప్ప తిరగబడి ఆయన కాలు నుజ్జయింది. ఇక ఆయన వేటకెళ్లలేడన్నారు డాక్టర్లు. అయ్యో, నేనుండాల్సిన చోట లేకపోయానే! పిలవందే రాలేని జన్మ కదా అని సర్దిచెప్పుకోబోతాను, సిగ్గేస్తుంది.

ఆసుపత్రిలో దమయంతి ఒళ్లో లాప్‌టాప్, అందులో నేను. చూడ్డానికొచ్చిన తోటి వేటగాడొకడు, “నీ మేనగోడలి యాపే ముంచేసింది బావా” అన్నాడు.

“నోర్ముయ్! అది సేసింది తప్పవదు. నాకే ఒడుపు తప్పింది” అని ఎర్రాజీ కస్సుమన్నాడు.

దమయంతి భోరుమంది. “కాదు మావయ్యా, నీ దగ్గర రాసుకున్న హద్దులు లోపల పెట్టకుండా పంపేసేను. తప్పు నాదే.”

ఎర్రాజీ లాప్‌టాప్ వైపు గడ్డం ఎత్తి చూపాడు.

“ఇప్పుడు పెట్టేవా?”

“పెట్టేను.”

“అయితే సూసి సెప్పమ్మా. రేపు నా కొడుకు ఏటకెల్తన్నాడు.”

ఆమె కళ్లు తుడుచుకుని నన్ను తెరిచింది. మొదటి వరుస నుంచి చదవసాగింది.