పక్క ఇల్లు

"పోయిన నెల మీ ఇంట్లకు అంతా కలిపి ఎంతొచ్చింది?"

అడిగి, రేణుక తల వంచుకుంది. ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఎదుటి మనిషి ముఖంలోకి చూడకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి పరాయి గడపల ముందు కూర్చుని తానే నేర్చుకుంది. చూస్తే మగవాళ్ళు పెద్ద అంకె చెప్తారు, ఆడవాళ్ళు కొంగు సర్దుకుని లోపలికి కేకేస్తారు. తల వంచుకుంటే నిజానికి కాస్త దగ్గరగా వస్తారు.

గుడిసె ముందు కాళ్ళు చాపుకుని చిరిగిన గోనెసంచి కుడుతున్న చంద్రి దబ్బనం ఆపి, గట్టిగా నవ్వింది.

రేణుకకు ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి ఇది ఎన్నో ఇల్లో ఆమెకే గుర్తు లేదు. కళ్ళద్దాల కాడ ఒకటి ఊడిపోతే నల్లదారంతో కట్టుకుంది. చెమటకు ఆ దారం చెవి వెనక కోస్తోంది. సంచీ మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కన్నా ఎప్పుడో కిందికి దిగింది. జాకెట్టు ఏ టైలరు కుట్టినా ఆ పక్క జారుతుంది.

"నవ్వుడెందుకు? నేనడిగింది పైసల ముచ్చట."

"గందుకే నవ్వొచ్చింది, అక్కా. సమ్మె పడ్డసంది మా ఆయన బొగ్గుబాయి మొఖం చూడలే. ఎంతొచ్చిందంటే ఏం చెప్పాలె?"

"ఏం రాకుంటే రాలేదని చెప్పు. సున్న రాసుకొని పోత."

"సున్న అయితే ఎట్లా తింటానం?" అని చంద్రి తననే అడిగినట్టు అడిగింది. "ఏందో ఒకటి వస్తనే ఉన్నది. నేను కూలికి పోయిన కొన్ని దినాలు. మా అన్న తండా నుంచి బియ్యం పంపిండు. అవి గూడ లెక్కనేనా?"

లెక్కనే. దానికి వేరే పేజీ ఉంది. రేణుక ఆ పేజీ తిప్పింది.

హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ మూడు పట్నాలను పక్కపక్కన పెట్టి చూడాలనుకుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఏ పట్నంలో పేదరికం ఎంత, ఏ ఇంటికి ఎంత రాబడి, ఎక్కడ ఎక్కువ మంది పస్తులుంటున్నారు. ముగ్గురు పిల్లల్ని గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచినట్టు. మొదటి రెండు పట్నాలూ వానాకాలంలోనే అయిపోయాయి. భూపాలపల్లికి వచ్చేసరికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గుబాయిల్లో పని నిలిచిపోయింది. పరకాల నుంచి ఒక జీపు వెనక, ఒళ్ళో సంచీ పెట్టుకుని వచ్చిన రేణుక దసరాకు కూడా ఇంటికి పోలేక, ఒక కుట్టుమిషన్ల దుకాణం మీది గదిలో ఉండిపోయింది.

అడగడం సులభమే. జవాబును గడిలో ఇరికించడమే కష్టం. జనగామలో మగవాళ్ళు పొద్దున్నే రైలెక్కి హైదరాబాదు పోతారు, చీకటి పడ్డాక దిగుతారు. ఆ సంపాదన జనగామదా, హైదరాబాదుదా? పైగా రేషన్ కార్డు తీసేస్తారేమోనని భయపడి ఉన్నది కూడా దాచారు. మహబూబాబాదులో ఏదో పథకం వస్తుందని ఆశపడి లేని అప్పులు కూడా చెప్పారు. ఇక్కడ సమ్మె. పర్మినెంటు కార్మికుడికి జీతం మంచిదే, కానీ పోయిన నెల చేతికి రాలేదు. అందుకే పొద్దున హైదరాబాదు సంస్థలో ఈ లెక్కలు చూసే వీరేందర్‌కు ఫోన్ చేసింది. ఆమె కన్నా చాలా చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు.

"పర్మినెంటోళ్ళకు సమ్మెకు ముందు నెల జీతం రాయి అక్కా. లేకపోతే భూపాలపల్లి మొత్తం బిచ్చపుటూరని తేల్తది. కూలోళ్ళకు మాత్రం పోయిన నెల ఎంతొస్తే అంతే."

"గట్లెట్ల? ఇద్దరిదీ గదే బాయి గద."

"నాకు తెల్వదా అక్కా? పైనోళ్ళు చెప్పిన్రు. నేను గూడ గిట్లనే కొట్లాడిన."

ఆ మాటతో ఆమె కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది. తిట్టడానికి కూడా ఎదుట ఒక మనిషి ఉండాలి కదా.

"బియ్యం ఎన్ని పంపిండు మీ అన్న?" అంది చంద్రితో.

"కాంటా మీద జోకిచ్చుకున్ననా?" చంద్రి మళ్ళీ నవ్వబోయి, రేణుక ముఖం చూసి ఆగింది. దబ్బనం గోనెలో గుచ్చి పక్కన పెట్టింది. "నీకెంతిస్తరక్కా, గిట్ల ఇల్లిల్లు తిరిగినందుకు?"

రేణుక పెన్ను ఆగింది. ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ ఈ మాట అడగలేదు.

"ఇంటికింత అని ఇస్తరు. పూర్తి చేసిన ఇంటికే. సగం చేసినదానికి రాదు. రెండు నెలల సంది అదీ ఇయ్యలే."

"మరి నీ ఇల్లు గూడ రాసుకోరాదూ!"

"నాతోని పరాచికాలాడకు!" రేణుక గొంతు తనకే పరాయిదిలా వినిపించింది. "ఎండల కూసోని నేను అడుగుతాంటే నవ్వుడేనా? జవాబు చెప్తవా, చెప్పవా?"

చంద్రి ముఖంలో నవ్వు పోయింది. లేచి చీర దులుపుకుంది. "మా ఆయనకు తెలుస్తదక్కా. మేస్త్రి దగ్గరికి పోయిండు. పొద్దుగూకే యాళ్లకు రా, అన్నీ చెప్తడు," అని లోపలికి వెళ్ళిపోయింది. వాకిలికి తలుపు లేదు. వేలాడే గోనె తెర కాసేపు ఊగి ఆగింది.

గుడిసెను ఆనుకునే ఓదెమ్మ ఇంటి ప్రహరీ. ఆమె భర్త బాయిలో పర్మినెంటు. గేటు దగ్గర నిలబడి అంతా వింటున్న ఓదెమ్మ, రేణుక తన ఇల్లు దాటిపోతుంటే పిలిచింది.

"ఏమ్మా, మా ఇల్లెందుకు రాస్తలేవు? మేం మనుషులం గాదా?"

"మీ ఇల్లు పడలే, అవ్వా."

"పడుడేంది?"

"హైదరాబాదుల చిట్టీలు తీసినట్టు తీస్తరు. పేరొచ్చిన ఇల్లే రాయాలె."

"మాకు ఏనాడు చిట్టీ తగిలింది గనుక!" అంటూ ఓదెమ్మ గేటు వేసుకుంది.

పేరు రాకపోవడం రేణుకకు కొత్త కాదు. ఆమె జనగామ స్టేషను పక్కన సైకిళ్ళు బాగుచేసే తండ్రికి పుట్టింది. ఆ వాడలో ఇంటర్ పాసైన మొదటి ఆడపిల్ల. టైపు నేర్చుకుంది. కేసముద్రం మార్కెట్లో ధాన్యం కాంటా వేసే రాజమౌళిని చేసుకుని, అక్కడివాళ్ళు మానుకోట అనే మహబూబాబాదు వచ్చింది. నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా పరీక్ష రాసింది. ఒకసారి కొలువు అంచుదాకా వెళ్ళింది. ఆ ఉద్యోగాలు స్థానికులవా కావా అన్న తగాదా కోర్టుకెక్కింది. తేలేలోపు ఆమె వయసు దాటిపోయింది. ఈలోగా కడుపు కోసం దొరికిన పనల్లా చేసింది. రాత్రిబడి, పోలియో చుక్కలు, జనాభా లెక్కలు, ఓటరు కార్డులు. ప్రతిసారీ మెడలో ఒక గుర్తింపు కార్డు వేసేవారు. పని అయిపోగానే తిరిగి తీసుకునేవారు.

మధ్యాహ్నం చౌరస్తా దాటుతుంటే దీక్షా శిబిరంలోంచి ఒక కుర్ర కార్మికుడు లేచి వచ్చి అడ్డం నిలబడ్డాడు. మెడలో గులాబీ కండువా, కళ్ళ అంచుల్లో ఎంత కడిగినా పోని బొగ్గు నలుపు.

"అక్కా, అందరం సమ్మెల ఉంటే నువ్వు పనెట్ల చేస్తానవ్? తెలంగాణ వద్దా నీకు?"

శిబిరంలో కొందరు ఇటు తిరిగారు. రేణుక ఎండలో కళ్ళు చికిలించి అతణ్ణి చూసింది. మైకులో ఎవరో మన కొలువులు మనకే అంటున్నారు. మహబూబాబాదులో ఆమె కూడా అదే మాట అంటూ ఊరేగింపుల్లో నడిచింది, రైలు పట్టాల మీద కూర్చుంది. నడిచిన ప్రతిసారీ పక్కనున్న పడుచుపిల్లల్ని చూసి, వచ్చే కొలువులు వీళ్ళవే, నావి కావు అనుకుంది. అనుకుని కూడా గొంతు పోయేలా అరిచింది.

"సమ్మె చేయాల్నంటే ముందుగాల ఉద్యోగం ఉండాలె గద, తమ్మీ," అంది. "నాకెవడిచ్చిండని బందు పెట్టాలె?"

అతను పక్కకు జరిగి, కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఆమె అక్కడే నిలబడి తాగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గ్లాసు తిరిగి ఇస్తుంటే అతను, "వస్తదక్కా, తప్పకుండ వస్తది," అన్నాడు. ఏది వస్తుందని ఆమె అడగలేదు.

అలా నడుస్తుంటే పొద్దున చంద్రి అన్న మాట తలకెక్కి కూర్చుంది. మరి నీ ఇల్లు గూడ రాసుకోరాదూ. అందులో వెటకారం లేదు. ఆ పిల్ల నిజంగానే అన్నది. తానే ఎగిరిపడింది. ఏళ్ళ తరబడి మూసుకున్న మూత ఒకటి, తనకన్నా లేని మనిషి ముందు తన్నుకుని లేచింది. వీరేందర్ ముందు లేవలేదు, పైసలియ్యని సంస్థ ముందు లేవలేదు. సాయంత్రం పోయినప్పుడు ముందు తప్పు తనదేనని చెప్పి, తరవాత కాగితాలు తీయాలనుకుంది. దారిలో దుకాణంలో బిస్కెట్ పొట్లం కొంది. గుడిసెలో చిన్నపిల్ల ఒకతి తెర చాటు నుంచి తొంగిచూడటం ఆమెకు గుర్తుంది.

పొద్దు వాలుతుండగా వచ్చేసరికి గుడిసె ముందు గోనె తెర లేదు.

లోపల నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. దండెం మీద బట్ట లేదు. మూలన బిందె పెట్టిన చోట గుండ్రటి తడి మరక ఇంకా ఆరలేదు. రేణుక వాకిట్లో నిలబడి, "చంద్రీ!" అని పిలిచింది. ఎవరూ లేరని తెలిసీ మళ్ళీ పిలిచింది.

గోడ అవతల నుంచి ఓదెమ్మ తల కనిపించింది. "పోయిన్రమ్మా. ఇప్పుడే. మేస్త్రి ట్రాక్టర్ తెచ్చిండు. పత్తి ఏరేటందుకట."

"యాడికి?"

"కాళేశ్వరం కాడ పడవ ఎక్కి గోదారి అవతలికి. మహారాష్ట్ర దిక్కు. ఇంకెన్నాళ్ళు సూస్తరు? పర్మినెంటోళ్ళం, సమ్మె తీరితే మాకు జీతముంటది. వాళ్ళను కాంట్రాక్టరు మళ్ళ పిలుస్తడో లేదో." ఓదెమ్మ గొంతు తగ్గించింది. "జరంత ఆగుండ్రి, ఆ మేడం వస్తదట అని నేను చెప్పిన. మేస్త్రి ఆగనియ్యలే. ట్రాక్టరెక్కినంక గూడ అన్నది చంద్రి, నవ్వినందుకు ఏమనుకోవద్దని నీకు చెప్పమని."

రేణుక బిస్కెట్ పొట్లం సంచీలో పెట్టుకుంది. ఇక్కడ అందరూ రాష్ట్రం కోసం రోడ్ల మీద కూర్చున్నారు. ఆ కుటుంబం ఆ రోడ్ల పక్కనుంచే రాష్ట్రం దాటిపోయింది.

ఫోన్ తీసింది.

"ఇల్లు ఖాళీ అయింది, వీరేందర్."

"తాళమా అక్కా?"

"తలుపే లేదు. తాళం యాడ పెడ్తరు?"

అవతల కాగితాల చప్పుడు. "అయితే తాళం ఇల్లు కిందనే పెట్టి, పక్క ఇల్లు రాయి. పక్క ఇల్లు దొరుకుతదా?"

"దొరుకుతది. పర్మినెంటు. పక్కా ఇల్లు. సమ్మెకు ముందు జీతం రాయాలె." ఆమె ఊపిరి పీల్చుకుంది. "గా ఇంటి బదులు గీ ఇల్లు ఎట్లయితది? గీ వాడల సగం గుడిసెలు గిట్లనే ఖాళీ అయితానయ్. అన్నిటికీ పక్క ఇల్లే రాసుకుంట పోతే మీ లెక్కల పేదోడు యాడుంటడు?"

"భూపాలపల్లి రాబడిల పైకొస్తది అక్కా," అన్నాడు వీరేందర్ నెమ్మదిగా. "జనగామ నడుమ, మీ మానుకోట కింద. ఇప్పటికే లెక్క అట్లనే కనవడ్తాంది. నేను ఒక ముక్క రాసి పెడ్త రిపోర్టుల. చదువుతరో లేదో నేను చెప్పలేను. నువ్వయితే ఫారం పూర్తి చెయ్యి. పూర్తి గాకపోతే నీకు పైసలు రావు."

అది బెదిరింపు కాదు. అతనికి ఆమె మీద నిజంగానే జాలి ఉంది. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

ఓదెమ్మ గేటు తీసి కుర్చీ వేసింది. చాయ్ పెట్టింది. చిట్టీ తగిలినందుకు సంబరపడింది కానీ, ఎవరి బదులు తగిలిందో తెలిశాక ఆ సంబరం తగ్గింది. అడిగినవన్నీ చెప్పింది. ఫ్యానులెన్ని, టీవీ ఉందా, జీతమెంత. రేణుక రాసింది. తాళం అని అచ్చు వేసిన మాటను కొట్టేసి, పక్కన అంచు మీద, కూలికి గోదారి అవతలికి పోయిన్రు అని రాసింది. ఆ అంచును కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళు చూడరని ఆమెకు తెలుసు. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే, కింది పేజీలో కూడా ఆ అక్షరాలు తడిమితే తగిలేలా పడ్డాయి.

సంతకం చేసి లేచేసరికి వీధిదీపాలు వెలిగే వేళయింది. చౌరస్తా దారి పట్టకుండా వెనక సందులోంచి నడిచింది. గుడిసె వెనక ఎవరూ లేరు. మట్టి మెత్తిన రేకు డబ్బాతో చేసిన బొగ్గుల పొయ్యి ఒకటి, చంద్రివాళ్ళు ఆర్పే తీరిక లేక వదిలి వెళ్ళినది, గాలి వీచినప్పుడల్లా ఎర్రబడుతూ అక్కడే రాజుకుంటోంది.