చీకటి మూలలో అడ్డుగొలుసు

మా తమ్ముడు పోయిన రోజున ఫౌండ్రీలో ఫోటోలు తీస్తున్నారు, కంపెనీ క్యాలెండరు కోసం. కరిగిన ఇనుమును అచ్చుల్లోకి వంపే చోట ఎత్తైన వేదిక ఒకటి ఉంది. మనిషి జారిపోకుండా దాని అంచున అడ్డుగొలుసు వేస్తారు. ఫోటోగ్రాఫరు పని ముగించి కెమెరా సర్దుకుంటూ ఉండగా తమ్ముడు ఆ అంచు మీది నుంచి కింద అచ్చులుండే గుంతలో పడ్డాడు.

గొలుసు తీసింది తమ్ముడేనని, మళ్లీ తగిలించడం మరిచాడని కంపెనీ చెప్పింది. గొలుసు వేసే ఉందని, తుప్పు పట్టిన కొక్కెమే ఊడి వచ్చిందని తోటివాళ్లు ఒకరిద్దరు మా గుమ్మంలో నిలబడి గొణిగారు. విచారణలో ఆ మాట చెప్పమంటే తలలు దించుకున్నారు. తమ్ముడు పోయిన మర్నాటికల్లానే అక్కడ కొత్త కొక్కెం బిగించేశారు. ఇక సాక్ష్యంగా మిగిలింది ఫోటో ఒక్కటే. నేనూ మరదలూ ఆ ఫోటోగ్రాఫరు స్టూడియోకి వెళ్లాం.

"రండి మేడమ్. ఆ స్టూలు మీద మాత్రం కూర్చోకండి, దాని కాలు ఒకటి అలిగింది" అన్నాడు అలవాటుగా. మేమెవరమో గుర్తొచ్చి మాట మింగేశాడు. కుర్చీలు తెచ్చి వేసి, కంప్యూటరులో ఫోటో తెరిచాడు.

మధ్యలో ఇనుము ధార. నారింజ రంగులో పోగు పోగూ లెక్కపెట్టేలా ఉంది. ఎడమవైపు చీకట్లో ఒక శిరస్త్రాణం అంచు. తక్కినదంతా నలుపు.

"మనుషుల మీద వెలుగు పడకూడదని ఏమన్నా ఒట్టు పెట్టుకున్నారా?" అంది మరదలు.

"వాళ్లకి కావాల్సింది ఇనుము, అమ్మా. దానికి వెలుగు కాస్త ఎక్కువిచ్చామా, తెల్ల మచ్చయిపోతుంది. అలా పోయిన గీతని ఏ కంప్యూటరూ వెనక్కి తేలేదు. చీకటినైతే తర్వాత కొంచెం పైకి లాగొచ్చు. అందుకే కెమెరా వెలుగు తక్కువ పట్టేలా ఐఎస్‌వో తగ్గించి, షట్టరు వేగం పెంచి తీశాను."

"అయితే లాగండి."

లాగాడు. నలుపు బూడిదరంగైంది. దాని మీద ఎర్రవీ పచ్చవీ గింజలు, ఇసుక చల్లినట్టు లేచాయి. నాయిస్ అంటారట. ఆ ఇసుకలో తమ్ముడి వీపు కనిపించింది. చిన్నప్పటి నుంచీ వాడి ఎడమ భుజం కాస్త వంగి ఉంటుంది. భుజాన్ని బట్టే పోల్చుకున్నాను. వాడి నడుము ఎత్తున, పక్కగా, కొన్ని తెల్ల చుక్కలు. గొలుసు రింగుల మీద వెలుగు పడితే అలాగే ఉంటుంది. ఇసుక కూడా అలాగే ఉంది.

"ఇంకాస్త వెలుగున్న ఫోటో ఏదీ లేదా?" అని అడిగాను.

అతను మౌసు మీది నుంచి చెయ్యి తీశాడు. "మొదట తీసింది అలాంటిదే మేడమ్. షట్టరు నెమ్మదిగా పెట్టాను. మూలలన్నీ శుభ్రంగా వచ్చాయి. ఇనుము తెల్లగా పేలిపోయింది. పనికిరాదని అక్కడే తుడిచేశాను. తర్వాత అదే కార్డు మీద ఎవరిదో పెళ్లి తీశాను."

"తుడిచే ముందు గొలుసు చూశారా?"

"ఇనుమునే చూశాను."

"పక్కన మనిషి ఉన్నా కాగే ఇనుమే ముద్దొచ్చిందన్నమాట" అంది మరదలు.

అతను తెర మీద నాయిస్ తగ్గించే మీటను మెల్లగా జరిపాడు. ఇసుక కరిగింది. చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి, వంపు తిరిగిన గీతగా సాగాయి.

మరదలు లేచి నిలబడింది. "అదిగో! గొలుసు, వదినా! కొక్కెం దాకా ఉంది చూడండి!"

నాకూ కనిపించింది. తెలియకుండానే నా వేలు తెర దాకా వెళ్లింది.

"ఆ చుక్కల్ని ప్రోగ్రాం కలిపిందమ్మా. అక్కడ ఏముందో దానికేం తెలుసు? గరుకుగా ఉంటే నున్నగా చేస్తుంది, అంతే" అన్నాడు.

"తెలియకుండానే గొలుసు గీసిందా? మీ కంప్యూటరుకి మా ఆయన మీద అంత ప్రేమెందుకండీ?"

కుడివైపు గోడ చూపించమన్నాను. అక్కడ వేదిక లేదు, అంచు లేదు. అంతే చీకటిని లాగి, మీటను అంతే జరిపాడు. ఖాళీ గోడ మీద కూడా సన్నటి గీత ఒకటి వంపు తిరిగి వేలాడింది. మరదలు మళ్లీ కుర్చీలో కూర్చుంది.

ఇసుక ఉన్నదీ నున్నగా చేసిందీ రెండూ అచ్చు వేసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

దారిలో మరదలు అంది: "మీరు టీచరు. 'గొలుసు కనిపిస్తోంది' అని మీరు రాస్తే నమ్ముతారు, వదినా. ఒక్క ముక్క."

"కనిపించింది నున్నగా చేసినదాంట్లోనమ్మా."

"గోడ సంగతి మనం చెప్తేనే కదా వాళ్లకి తెలిసేది? 'మీ నాన్న తన తప్పుతోనే పోయాడట' అంటున్నారు పాపని. మీ బడిలోనే. మీ చెవిన పడలేదా?"

"పడింది."

"మరి?"

బడిలో ఏ పిల్ల జవాబు పత్రంలోనైనా సిరా అలుక్కుపోతే, ఆ పిల్లకు వచ్చని నాకు తెలిసినా మార్కు వేయను. పిలిచి మళ్లీ రాయమంటాను. మరదలికి ఈ మాట చెప్పబోయి ఊరుకున్నాను. మళ్లీ రాయమనడానికి ఎవరున్నారు?

ఆ రోజు నుంచి ఆమె నన్ను వదినా అని పిలవడం లేదు. "అన్నం పెట్టాను" అంటుంది, అంతే. పాప మా ఇద్దరి మొహాలూ చూసి తింటుంది.

విచారణాధికారికి ఇవ్వాల్సిన వాంగ్మూలం మొదలుపెట్టాను. తమ్ముడి పేరు రాశాను. వాడు నాకేమవుతాడో రాశాను. ఇంటి గొళ్లెం వేశాక కూడా వెనక్కి వచ్చి ఒకసారి లాగి చూసే మనిషని రాశాను. ఫోటోలో ఏం కనిపిస్తోందో చెప్పే వాక్యం ఇంకా రాయలేదు.